ట్యాంకు నుంచి చివరి కుళాయి దాకా: బ్లీచింగ్ పౌడరు కథ

ఈసారి పంట గురించి కాదు, తాగే నీళ్ల గురించి రాస్తున్నా. కొంచెం పొడుగైంది. పొలం పనులయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆరేళ్ల కిందట వేసవి చివర్లో మా ఊళ్లో నీళ్లు వదిలే అబ్బాయిని నేను నడివీధిలో తిట్టాను. "ఏరా అబ్బాయ్, నీళ్లలో ఏం కలుపుతున్నావురా, కాఫీ పెట్టుకున్నా మందు కంపే" అని. వాడు "బ్లీచింగ్ బాబాయ్, వానలు వస్తున్నాయి, కలపమన్నారు" అన్నాడు. పక్కింటాయన కూడా గొంతు కలిపాడు. అలా నలుగురం అరిచేసరికి వాడు కలపడం తగ్గించేశాడు. ఆ వానాకాలమే మా వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా వీధి పైపులైనుకు ఆఖరున ఉంటుంది. మురుగు కాలవలో నుంచి వెళ్లే పైపుకు ఎక్కడో చిల్లి పడిందని తర్వాత తేలింది. మా అమ్మకు 4 రోజులు సెలైన్ పెట్టించాం. బతికి బయటపడింది, సంతోషం. కానీ ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్న 4 రాత్రులూ నాకు గుర్తొచ్చింది ఆ అబ్బాయి ముఖమే.

ఇంటర్‌లో బైపీసీ చదివినోణ్ణి, అయినా ఆ తెల్ల పొడి ఏంటో, ఎవరు కనిపెట్టారో, అది నీళ్లలో పడ్డాక ఏం చేస్తుందో నాకు తెలియదు. అప్పటి నుంచి దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. చదివింది మీతో చెప్పుకుంటున్నా.

ఈ పొడి అసలు నీళ్ల కోసం పుట్టింది కాదండీ, బట్టల కోసం పుట్టింది. 1774లో స్వీడన్‌లో షీలే అనే మందుల తయారీదారుడు ఆకుపచ్చ రంగు గాలి ఒకటి తయారు చేశాడు. ముక్కు బద్దలయ్యే ఘాటు. అదే క్లోరిన్. అది తగిలితే ఆకులు, పూలు తెల్లబోతున్నాయని ఆయనే గమనించాడు. ఫ్రాన్సులో బెర్తోలే దాన్ని బట్టలు తెల్లబరచడానికి వాడొచ్చని చూపించాడు. అంతకుముందు యూరపులో నార బట్టలు తెల్లగా కావాలంటే వారాలు, నెలలు పచ్చిక మైదానాల్లో ఎండలో పరిచి, పులిసిన మజ్జిగలో నానబెట్టేవాళ్లు. అంత నేల బట్టలకే పోయేది. 1799లో గ్లాస్గోలో టెన్నాంట్ ఆ గాలిని నీళ్లు చల్లి విరిసిన సున్నానికి పట్టించి పొడిగా చేసి పేటెంటు తీసుకున్నాడు. బస్తాలో కట్టి ఎక్కడికైనా పంపొచ్చు. ఇప్పుడు మన పంచాయతీ గదిలో మూలన పడి ఉండే బస్తా అదే. 225 ఏళ్లు దాటినా వస్తువు పెద్దగా మారలేదు.

సూక్ష్మజీవులు ఉంటాయన్న సంగతి సరిగ్గా తేలకముందే ఈ పొడి వాటిని చంపడం మొదలుపెట్టింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ప్రసవాల వార్డులో పనిచేసేవాడు. బాలింతలు జ్వరంతో పిట్టల్లా రాలిపోతున్నారు. డాక్టర్లు శవాలను కోసి అదే చేతులతో వచ్చి పురుడు పోస్తున్నారని ఆయన పట్టుకున్నాడు. క్లోరిన్ సున్నం నీళ్లలో చేతులు కడుక్కోమన్నాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది పోతుంటే, జూలైకి నూటికి ఒకరు. ఇంత జరిగినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. "మా చేతులు మురికివా?" అన్నారు. నేను ఆ అబ్బాయి మీద అరిచినప్పుడు నాకున్న పౌరుషం కూడా అలాంటిదే కాబోలు.

కలరా సంగతి మీలో చాలామందికి పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. గత్తర వచ్చిందంటే ఊళ్లు ఖాళీ చేసి పోయేవాళ్లు. లండన్‌లో 1854లో ఒక్క బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కలే 600 మందికి పైగా పోయారు. జాన్ స్నో అనే డాక్టరు చచ్చిపోయిన వాళ్ల ఇళ్లు లెక్కగట్టి, అందరూ ఒకే చేతిపంపు నీళ్లు తాగారని చూపించి, ఆ పంపు పిడి తీయించాడు. 30 ఏళ్ల తర్వాత జర్మనీ నుంచి కోఖ్ అనే శాస్త్రవేత్త మన కలకత్తా వచ్చి, కలరా రోగుల పేగుల్లో దొరికిన వంకర సూక్ష్మజీవిని అక్కడి చెరువు నీళ్లలో కూడా పట్టుకున్నాడు. స్నానాలు అందులోనే, బట్టలుతకడం అందులోనే, తాగడం అందులోనే. శత్రువు నీళ్లలో ఉన్నాడని తేలింది. మరి చంపేదెలా?

ఇక్కడ పశువుల కథ ఒకటి వస్తుంది, మనకు నచ్చుతుంది. అమెరికాలో చికాగోలో పెద్ద పశువుల సంత ఉండేది. అక్కడి కాలువలో కబేళాల మురికంతా కలిసి, కుళ్లి, కింద నుంచి బుడగలు వచ్చేవి. జనం దానికి బుడగల వాగు అని పేరు పెట్టారు. ఆ నీళ్లనే వడగట్టి, రాగి సల్ఫేటు కలిపి, మన మైలుతుత్తం అన్నమాట, పశువులకు పెట్టేవాళ్లు. ఆ నీళ్లు తాగిన పశువు బరువు పట్టడం లేదని బేరగాళ్లు గొడవకు దిగారు. 1908లో జార్జ్ జాన్సన్ అనే ఇంజనీరు మైలుతుత్తం మాన్పించి బ్లీచింగ్ పౌడరు వాడి చూస్తే నీళ్లు బాగుపడ్డాయి.

అదే ఏడు అమెరికాలోనే జెర్సీ సిటీ అనే పట్నంలో అసలు కథ నడిచింది. పట్నానికి నీళ్లిచ్చే కంపెనీ కొండల్లో బూంటన్ అనే చోట రిజర్వాయరు కట్టింది. పైన ఉన్న ఊళ్ల మురుగు ఆ నదిలోకి వస్తోంది. పెద్ద వాన పడినప్పుడల్లా నీళ్లు చెడుతున్నాయి. "స్వచ్ఛమైన నీళ్లిస్తామని ఒప్పందం రాశారు, ఇవి స్వచ్ఛమా?" అని పట్నం వాళ్లు కోర్టుకెక్కారు. పై ఊళ్లన్నిటికీ మురుగు పైపులు వేయండి, లేదా ఇంకో ఉపాయం చూపించండి అని కోర్టు చెప్పింది.

ఆ కంపెనీకి సలహాదారు జాన్ లీల్ అనే డాక్టరు. ఆయన తండ్రీ డాక్టరే. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్లి, అక్కడ చెడు నీళ్ల వల్ల జిగట విరేచనాలు పట్టుకుని, ఏళ్ల తరబడి నలిగి దానితోనే చనిపోయాడు. ఆ కొడుకు ఎంచుకున్న ఉపాయం ఈ బ్లీచింగ్ పౌడరు. ఫుల్లర్ అనే ఇంజనీరుతో ప్లాంటు గీయించాడు. 99 రోజుల్లో కట్టేశారు. 1908 సెప్టెంబరు 26న రోజుకు 4 కోట్ల గ్యాలన్ల నీళ్లకు మందు కలపడం మొదలైంది. కోర్టునడగలేదు, పట్నం వాళ్లకు చెప్పలేదు, తాగేవాళ్లకు అసలే తెలియదు.

ఇది న్యాయమా అంటే నేను కాదనే అంటాను. తాగేవాడికి చెప్పకుండా కలపడం తప్పే. కానీ చెప్పి ఉంటే? నాలాంటోళ్లు నడివీధిలో నిలబడి అరిచి ఉండేవాళ్లు. తాగే నీళ్లలో రసాయనం కలపడమంటే అప్పటి జనానికి విషం పెట్టినట్టే. విషయం కోర్టులో బయటపడ్డాక పట్నం తరఫు లాయర్లు అదే పట్టుకుని లీల్‌ను బోనులో నిలబెట్టి గుచ్చి గుచ్చి అడిగారు. ఈ నీళ్లు నువ్వు తాగుతావా, నీ పెళ్లాంబిడ్డలకు పోస్తావా అని. ఆయన తడబడకుండా తాగుతానని, పోస్తానని, ప్రపంచంలో ఇంతకన్నా భద్రమైన నీళ్లు లేవని చెప్పాడు. 1910లో తీర్పు ఆయన వైపే వచ్చింది. తర్వాత కొన్నేళ్లలోనే అమెరికా పట్నాలు వరసగా ఈ బాట పట్టాయి. టైఫాయిడ్ పడిపోయింది. ఇసుక ఫిల్టర్లు, మురుగు కాలవలు, పాలు కాచడం ఇవన్నీ కూడా తోడయ్యాయనుకోండి, పొడి ఒక్కటే చేసిందంటే అబద్ధమవుతుంది.

మనకు సంబంధం లేదనుకోకండి. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన నెస్‌ఫీల్డ్ అనే డాక్టరు, సిలిండర్లో పట్టిన క్లోరిన్‌తో సైనికుల నీళ్లు శుద్ధి చేయొచ్చని 1903 నాటికే రాశాడు. లీల్ కంటే 5 ఏళ్లు ముందు.

ఇక్కడితో కథ అయిపోయింది అనుకున్నా నేను మొదట. సూక్ష్మజీవి దొరికింది, చంపే మందు దొరికింది, ఇంకేముంది? కానీ మనం రైతులం. కాలవ తలకాయ దగ్గర నీళ్లు వదిలినంత మాత్రాన చివరి ఆయకట్టుకు అందినట్టు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? క్లోరిన్ కూడా అంతే. ట్యాంకు దగ్గర కలిపిన మందును దారిలో ఎవరో ఒకరు తాగేస్తూ ఉంటారు. బురద తాగుతుంది, ఇనప పైపు తుప్పు తాగుతుంది, ఎండ కొంత లాగేస్తుంది. అన్నిటికంటే ఎక్కువ తాగేది పైపు లోపలి పాకుడు.

డ్రిప్పు ఉన్నవాళ్లు ఎప్పుడైనా లాటరల్ పైపు చివర మూత తీసి నీళ్లు వదిలారా? నల్లగా, జిగురు జిగురుగా, చీమిడిలాగ వస్తుంది చూడండి. అది మట్టి ఒక్కటే కాదు. సూక్ష్మజీవులు పైపు గోడకు అంటుకుని, జిగురు కక్కి, దాని కింద కాపురం పెడతాయి. పైన క్లోరిన్ నీళ్లు పోతున్నా కిందనున్న వాటికి తగలదు. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల దూరాక మనం పైన ఎంత కొట్టినా ఏం లాభం? ఇదీ అచ్చం అంతే.

ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తగిలింది 1976 జూలైలో, ఫిలడెల్ఫియాలో. అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అనే పెద్ద హోటల్లో మహాసభ పెట్టుకుంది. ఇళ్లకు వెళ్లాక ఒక్కొక్కరికీ జ్వరం, న్యుమోనియా. మొత్తం 221 మంది పడ్డారు, 34 మంది చనిపోయారు. విషమన్నారు, కొత్త ఫ్లూ అన్నారు, ఏ పరీక్షకూ అందలేదు. ఆ ఏడాది డిసెంబరు చివర, అందరూ పండగ సెలవుల్లో ఉన్నప్పుడు, మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త మనసొప్పక పాత స్లైడులు మళ్లీ తీసి చూశాడు. అంతకుముందు పట్టించుకోకుండా వదిలేసిన కొన్ని పుల్లల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి. దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. హోటలేమో నవంబరుకే మూతపడింది.

ఇది తాగితే వచ్చేది కాదు, పీలిస్తే వచ్చేది. గోరువెచ్చని నీళ్లు, సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, కదలకుండా నిలవ ఉంటే పెరుగుతుంది. పెద్ద ఏసీల కూలింగ్ టవర్లు, వాడని గదుల షవర్లు, వేడినీళ్ల పైపులు దానికి ఇళ్లు. అక్కడి నుంచి లేచే తుంపరలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా ఇది నీళ్లలో ఉండే అమీబా కడుపులో దూరి అక్కడే పిల్లల్ని పెడుతుంది. అమీబాను క్లోరిన్ అంత తేలిగ్గా చంపలేదు. అంటే కాయలో పురుగు, కాయేమో జిగురు కింద. ఊరి నీళ్లు బాగున్నా మేడలోకి వచ్చాక చెడుతున్నాయన్నమాట. లీల్ కట్టింది రిజర్వాయరు దగ్గర కాపలా. మేడ లోపల కాపలా లేదు.

దాంతో కొత్త మందుల వేట మొదలైంది. ఈలోగా 1974లో నెదర్లాండ్స్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో చిక్కు బయటపెట్టాడు. నీళ్లలో ఆకులు అలములు కుళ్లిన పదార్థం ఉంటే క్లోరిన్ దానితో కలిసి క్లోరోఫాం లాంటివి పుట్టిస్తోందని. ఏళ్ల తరబడి తాగితే మంచిది కాదని 1979లో అమెరికా వాటికి హద్దు పెట్టింది. అందుకని ముందు నీళ్లను బాగా వడగట్టి ఆ తర్వాత మందు కలపాలి. మందు మానేయమని కాదు. ఈ తేడా చెప్పకుండా భయపెట్టే వీడియోలు ఫోన్లలో చాలా తిరుగుతున్నాయి.

కొత్తవాటిలో మోనోక్లోరమీన్ ఒకటి. క్లోరిన్‌కు కాస్త అమ్మోనియా కలిపితే వస్తుంది. నిజానికి ఇది పాతదే, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే కెనడాలో ఒట్టావా పట్నం వాడింది. చంపడంలో నిదానం, కానీ దారిలో ఖర్చయిపోదు, జిగురులోకి ఇంకుతుంది, చివరి కుళాయి దాకా వెళ్తుంది. 2004లో శాన్ ఫ్రాన్సిస్కో క్లోరిన్ నుంచి దీనికి మారినప్పుడు 53 భవనాల్లో పరీక్ష చేశారు. మారక ముందు నూటికి 60 భవనాల వేడినీళ్ల పైపుల్లో లెజియోనెల్లా ఉంది, మారాక నూటికి 4 భవనాల్లోనే. క్లోరిన్ డయాక్సైడ్ అనేది ఇంకొకటి, ఆసుపత్రుల్లో వాడుతున్నారు. రాగి, వెండి కణాలు నీళ్లలోకి వదిలే యంత్రాలూ ఉన్నాయి. రాగి చెంబులో నీళ్లు పోసి పెట్టే మన ముసలమ్మలు నవ్వుకుంటారేమో.

కానీ కొత్త పురుగుమందు వచ్చినప్పుడల్లా కొత్త తలనొప్పి రావడం మనకు అలవాటే కదా. వాషింగ్టన్ పట్నం 2000లో క్లోరమీన్‌కు మారితే, పాత పైపుల్లో గట్టకట్టి కూర్చున్న సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చింది. క్లోరమీన్ ఉన్న నీళ్లు చేపలకు పనికిరావు, డయాలసిస్ వాళ్లకు ప్రమాదం, వేరే శుద్ధి చేసుకోవాలి.

పైపు గురించి ఆలోచించకుండా నీళ్లు మార్చితే ఏమవుతుందో ఫ్లింట్ చూపించింది. అది కూడా అమెరికాలోదే, పేదల పట్నం. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నీళ్లను ఊరి నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పైపులు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. నది నీళ్లు పైపుల్ని కొరికాయి. సీసం వచ్చింది, అది అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఇంకోటుంది. కొరికిన ఇనుము క్లోరిన్‌ను మింగేసింది. కాపలా లేని పైపుల్లో లెజియోనెల్లా లేచింది. రెండేళ్లలో 90 మంది దాకా జబ్బుపడి 12 మంది పోయారు. నీళ్లు రంగు మారాయి, కంపు కొడుతున్నాయి అని జనం సీసాల్లో పట్టుకొచ్చి చూపిస్తే, బాగానే ఉన్నాయి తాగండి అన్నారు. నేను అరిస్తే మా ఊళ్లో మందు ఆపారు. అక్కడ జనం అరిచినా వినలేదు. రెండూ తప్పే.

ఇక మన ఊళ్లకు వద్దాం. బ్లీచింగ్ బస్తా తెచ్చినప్పుడు అందులో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూతి తెరిచి, తేమ తగిలే గదిలో, ఎండ పడేచోట పెడితే అది ఎగిరిపోతుంది. మిగిలేది సున్నమే. వాసన లేని పొడి ఎంత పోసినా ట్యాంకుకు వెల్ల వేసినట్టే. కాలం చెల్లిన విత్తనం చల్లి మొలక రాలేదనుకోవడం లాంటిది. మంచి పొడైతే తేట నీళ్లకు 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలు, మురికి నీళ్లకు ఎక్కువ కావాలి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట పోయాలి. గంట ఆగాక కూడా లీటరుకు అర మిల్లీగ్రాము మిగలాలి, చివరి కుళాయిలో కనీసం 0.2 ఉండాలని మన దేశపు లెక్క. చిన్న సీసాలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే రంగు వస్తుంది, ఆ రంగును బట్టి తెలుస్తుంది.

ఇంటి మీద ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు ఒక్కసారి ఎక్కి మూత తీసి లోపల గోడ మీద వేలు పెట్టి చూడండి. జారితే అదే పాకుడు. ముందు రుద్ది కడగాలి, తర్వాతే మందు. పాకుడు మీద మందు పోస్తే మందు పాకుడుకే సరిపోతుంది. ఊరెళ్లి పది రోజులు ఇల్లు మూసి వస్తే కుళాయిలు కాసేపు వదిలేసి అప్పుడు పట్టుకోండి. కరోనా తర్వాత బడులు, ఆఫీసులు తెరిచినప్పుడు చాలా దేశాల్లో ఇదే చెప్పారు.

డ్రిప్పు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పైపులు కడగడానికి యాసిడ్ వాడతాం, బ్లీచింగ్ కూడా వాడతాం. రెండూ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపొద్దు. కలిపితే వచ్చేది క్లోరిన్ గాలి. 1915లో బెల్జియంలో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదకు వదిలింది ఆ గాలినే. వేరే వేరే రోజుల్లో చేయండి, మధ్యలో మంచినీళ్లతో బాగా కడగండి.

మొన్న తొలకరికి నేనే ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. "పద రా, చుక్కలేసి చూద్దాం" అన్నా. అనుమానంగా చూశాడు, మళ్లీ తిట్టడానికొచ్చానేమోనని. ట్యాంకు కింద పట్టిన నీళ్లు మంచి పసుపు రంగు తిరిగాయి. రామాలయం దగ్గర కుళాయిలో లేత పసుపు. మా వీధి చివర, మా అమ్మ బిందె పెట్టే కుళాయి దగ్గర సీసా తెల్లగానే ఉండిపోయింది. ఇద్దరం కాసేపు ఆ సీసా వంకే చూశాం. "ఇక్కడికి రావట్లేదు బాబాయ్" అన్నాడు. ఇప్పుడు మురుగు కాలవ పక్కన పైపు తవ్వి చూస్తున్నారు. మా వీధి వాళ్లం మనిషికింత వేసుకున్నాం. అప్పటిదాకా అమ్మకు నీళ్లు కాచే ఇస్తున్నా.